జనాభా లెక్కల్లో దొరకని పూర్వీకుణ్ణి పట్టుకోవడం ఎలా? ఇంగ్లండ్, వేల్స్ సెన్సస్, చర్చి రిజిస్టర్లతో అంచెలంచెలుగా

1861లో ఉన్నాడు. 1871లో ఉన్నాడు, 1881లోనూ ఉన్నాడు. 1851లో మాత్రం కనిపించడు, 1841లో అసలు ఆచూకీయే లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో మూలాలున్న కుటుంబ చరిత్ర వెతికేవాళ్లకు ఇలాంటి మనిషి ఒక్కడైనా తగులుతాడు. పెళ్లయి, పిల్లలు పుట్టి, లండన్‌లో ఏదో వీధిలో కుదురుకున్నాక చక్కగా కనిపిస్తాడు. అంతకు ముందు ఎక్కడివాడో, ఎవరి కొడుకో అంతుపట్టదు. పేరు కొట్టి, పుట్టిన సంవత్సరం కొట్టి పదేపదే వెతికి, చివరికి "ఆ పేజీ పోయి ఉంటుందిలే" అని వదిలేస్తాం.

పేజీలు పోవడం నిజంగానే జరిగింది, ఆ సంగతి తర్వాత చెప్తాను. కానీ చాలాసార్లు మనిషి రికార్డులోనే ఉంటాడు, మనం అడిగిన పేరుతో ఉండడు. ఆయన పేరు ఒకరు చెప్పారు, ఇంకొకరు విన్నారు, మరొకరు కాపీ రాశారు, నూట యాభై ఏళ్ల తర్వాత ఆ చేతిరాతను ఇంకెవరో చదివి టైప్ చేశారు. ఈ నలుగురిలో ఎవరు పొరబడినా మన సెర్చ్ ఖాళీగా తిరిగొస్తుంది. కాబట్టి వెతకాల్సింది ఒట్టి పేరును కాదు. ఆయన ఏ ఇంట్లో, ఎవరి మధ్య ఉన్నాడో, ఆ ఇంటి వివరాలు ఎవరు చెప్పి ఉంటారో చూడాలి.

వెంట ఒక మనిషిని తీసుకెళ్దాం. ఇంటిపేరు హార్వుడ్, వృత్తి చెప్పులు కుట్టడం, 1861లో లండన్ లాంబెత్‌లో కాపురం, పుట్టింది నార్ఫోక్ కౌంటీలో. పాఠం కోసం నేను అల్లిన మనిషే, కానీ ఆయన కథలో వచ్చే ప్రతి మలుపూ ఈ రికార్డుల్లో నిత్యం ఎదురయ్యేదే.

మొదటి అడుగు: తెలిసినదంతా ఒక కాగితం మీద పెట్టండి

చావు నుంచి పుట్టుక వైపు, వెనక్కి నడవాలి. దొరికిన ప్రతి రికార్డుకూ ఒక వరుస గీసుకోండి: తేదీ, చోటు, వయసు, పుట్టిన ఊరు, వృత్తి, ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఉన్నారు. చివర ఇంకో గడి తప్పకుండా పెట్టుకోండి: ఈ వివరం చెప్పింది ఎవరై ఉంటారు? భార్య చెప్పిందా, ఇంటి ఓనరు చెప్పాడా, పెద్ద కూతురు చెప్పిందా? చాలామంది వదిలేసే గడి ఇదే. నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

వయసును సంవత్సరంగా మార్చేటప్పుడు జనాభా లెక్కల రాత్రి ఏ తేదీనో చూసుకోవాలి. 1841లో జూన్ 6, 1851లో మార్చి 30, 1861లో ఏప్రిల్ 7, 1871లో ఏప్రిల్ 2, 1881లో ఏప్రిల్ 3, 1891లో ఏప్రిల్ 5, 1901లో మార్చి 31, 1911లో ఏప్రిల్ 2, 1921లో జూన్ 19. మన హార్వుడ్‌కు 1861లో 34 ఏళ్లని రాశారు. అంటే 1826 ఏప్రిల్ 8కీ 1827 ఏప్రిల్ 7కీ మధ్య పుట్టాడు. ఒట్టి తీసివేత చేసి 1827 అని రాసుకుంటే దాదాపు తొమ్మిది నెలలు లెక్కలోంచి జారిపోతాయి. ఇక 1871లో 43 అన్నారు, 1881లో 55 అన్నారు. మూడూ కలవవు. ఆ రోజుల్లో పుట్టినరోజు లెక్క అంత పట్టింపుగా పెట్టుకోని కుటుంబాలు ఎన్నో ఉండేవి. అందుకని 1825 నుంచి 1828 దాకా తలుపు తెరిచే ఉంచుదాం.

పుట్టిన ఊరు కూడా మారుతుంది. 1861లో స్వాఫమ్, 1871లో నార్విచ్, 1881లో "నార్ఫోక్, ఎన్.కె." అని ఉందనుకోండి. ఎన్.కె. అంటే తెలియదని. లండన్‌లో ఉన్నవాళ్లు అందరికీ తెలిసిన పెద్ద ఊరి పేరు చెప్పేయడం మామూలే. పుట్టిన ఊరికి బదులు ఊహ తెలిసినప్పుడు ఉన్న ఊరు చెప్పినవాళ్లూ ఉన్నారు. నేనైతే చిన్న ఊరి పేరునే ముందు నమ్ముతాను. లండన్‌లో ఎవరికీ తెలియని ఊరు పేరు ఎవరూ ఊరికే కల్పించి చెప్పరు. తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నప్పటి సెన్సస్ దొరికితే అది ఇంకా నమ్మదగినది, ఎందుకంటే పుట్టిన చోటు చెప్పేది కన్నవాళ్లే.

రెండో అడుగు: సర్టిఫికెట్లు

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వం తరఫున జనన, మరణ, వివాహ నమోదు 1837 జూలై 1న మొదలైంది. మన మనిషి పుట్టుక అంతకు ముందే, పెళ్లి మాత్రం ఆ తర్వాత. ఆ పెళ్లి సర్టిఫికెట్టే రెండు కాలాల మధ్య వంతెన. అందులో వధూవరుల తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు ఉంటాయి. తల్లుల పేర్లు ఉండవు. వివాహ నమోదులో తల్లుల పేర్లు చేర్చింది 2021 మేలో మాత్రమే.

పెళ్లి ఎక్కడ జరిగిందో తెలియకపోతే పిల్లల దగ్గర మొదలుపెట్టండి. బిడ్డ జనన సర్టిఫికెట్‌లో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. ఈ నమోదులన్నీ చూసే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వాళ్ల సొంత ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచీ జననాలకు తల్లి పుట్టింటి పేరు కూడా ఇస్తున్నారు. ఇది పెద్ద వరం. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు జోడీగా పెట్టి వెతికితే, రెండు జనాభా లెక్కల మధ్య పుట్టి పోయిన పసిబిడ్డలు కూడా బయటపడతారు. పెళ్లిళ్ల సూచిక కోసం వాలంటీర్లు తయారుచేసిన ఫ్రీబీఎండీ ఉచితం.

సర్టిఫికెట్ చేతికొచ్చాక తొందరపడకండి. వయసు గడిలో "ఫుల్ ఏజ్" అని ఉంటే 21 నిండాయని మాత్రమే అర్థం, అదీ వాళ్లు చెప్పుకున్నదే. తండ్రి పేరు కూడా వరుడు చెప్పిందే. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడు ఆ గడి ఖాళీగా వదలడానికి సిగ్గుపడి తాత పేరో, కల్పించిన పేరో చెప్పిన సందర్భాలున్నాయి. సంతకానికి బదులు ఇంటూ గుర్తు ఉందంటే, తన పేరు ఎలా రాశారో ఆయన సరిచూసుకోలేడు. అది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సాక్షుల పేర్లు చూడండి. హార్వుడ్ పెళ్లి 1852లో జరిగింది. తండ్రి కూలీ అని రాశారు. వరుడి సంతకం చోట ఇంటూ గుర్తే ఉంది. సాక్షుల్లో ఒకరు వధువు అన్న. రెండో సాక్షి ఇంటిపేరు కింగ్. ఈ కింగ్ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియని సాక్షిని ఎప్పుడూ పక్కకు నెట్టకండి, కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకోండి.

మూడో అడుగు: సెన్సస్ పేజీ ఎలా తయారైందో తెలుసుకోండి

లెక్కల రాత్రికి ముందు ఎన్యూమరేటర్, అంటే లెక్కలు సేకరించే మనిషి, ఇంటింటికీ ఒక ఫారం ఇచ్చేవాడు. మర్నాడు వచ్చి తీసుకునేవాడు. ఇంట్లో ఎవరికీ రాయడం రాకపోతే గుమ్మంలో నిలబడి తనే అడిగి నింపేవాడు. తర్వాత వాటన్నిటినీ ఒక పుస్తకంలోకి ఎక్కించేవాడు. 1841 నుంచి 1901 దాకా ఈరోజు మనం తెర మీద చూసేది ఆ ఎక్కించిన పుస్తకాన్నే, కుటుంబాలు ఇచ్చిన ఫారాలను నాశనం చేశారు. కుటుంబం స్వయంగా నింపిన కాగితం మనకు దొరికేది 1911 నుంచే. ముత్తాత చేతిరాతను అందులో మొదటిసారి చూసినప్పుడు కళ్లు చెమర్చని వాళ్లు తక్కువ.

ఇప్పుడు ఒక 1861 పేజీని దగ్గరగా చూద్దాం. ఎడమ పక్కన షెడ్యూల్ నంబరు, వీధి పేరు. తర్వాత పేర్లు. ఇంటి పెద్ద పేరు పూర్తిగా ఉంటుంది, కింద భార్యాపిల్లలకు ఇంటిపేరు గడిలో "డు" అని చిన్న గుర్తు, అంటే "పైదే" అని. పక్కన ఇంటి పెద్దతో సంబంధం, పెళ్లయిందా లేదా, మగవాళ్లకొక గడి ఆడవాళ్లకొక గడి వయసు, వృత్తి, పుట్టిన చోటు. ఇల్లు మారినప్పుడు ఎడమవైపు ఏటవాలు గీతలు: ఒక గీతైతే అదే భవనంలో ఇంకో కుటుంబం, రెండు గీతలైతే భవనమే మారింది. వయసుల మీద, వృత్తుల మీద అడ్డంగా కొట్టినట్టు కనిపించే గీతలు లండన్‌లో లెక్కలు కూడిన గుమాస్తాలవి. ఆ గీత కింద 3 చూస్తే 8లా కనిపిస్తుంది. వయసు పొంతన కుదరకపోతే ముందు అనుమానించాల్సింది ఈ గీతనే.

ఏ ఏడు ఏం అడిగారన్నది కూడా తెలిసి ఉండాలి. 1801లో మొదలైనా, 1831 దాకా జరిగిన లెక్కలు ప్రధానంగా తలల లెక్కలే, పేర్లు కొన్నిచోట్ల మాత్రమే మిగిలాయి. 1841లో పేర్లున్నాయి, సంబంధాలు లేవు. 15 దాటినవాళ్ల వయసును దగ్గరి కింది అయిదుకు దించి రాయమన్నారు, అంటే 34 ఏళ్ల మనిషి 30గా కనిపిస్తాడు. పుట్టిన చోటుకు అదే కౌంటీయా కాదా, లేక స్కాట్లండ్, ఐర్లండ్, విదేశమా అన్న ముక్క మాత్రమే. పైగా అది పెన్సిల్ రాత, చాలా పేజీలు వెలిసిపోయాయి. సంబంధం, పెళ్లి స్థితి, పుట్టిన ఊరు ఇవన్నీ వచ్చింది 1851లో. 1911లో పెళ్లయి ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని కూడా అడిగారు. 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికొచ్చాయి. 1931వి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు జరగలేదు. ఆ ఖాళీని 1939 సెప్టెంబర్ 29న తీసిన రిజిస్టర్ కొంత పూడుస్తుంది.

నాలుగో అడుగు: ఇంటిపేరు తీసేసి వెతకండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి, ఎక్కువమంది దొరికేది ఇక్కడే.

ముందు ఇంటిపేరును గట్టిగా పలకండి. ఆ ఊరి యాసలో పలకండి. ఇంగ్లండ్‌లో చాలా ప్రాంతాల మాటలో మొదటి హకారం మింగేస్తారు, కాబట్టి హార్వుడ్ "ఆర్వుడ్" అవుతుంది. వేగంగా అంటే "ఆరడ్". విన్న మనిషికి ఆ కుటుంబం తెలియకపోతే విన్నట్టే రాస్తాడు. దీనికి ఎదురుది కూడా జరుగుతుంది: అచ్చుతో మొదలయ్యే పేరుకు మర్యాద కోసం ముందు హెచ్ తగిలిస్తారు. తర్వాత చూపు తప్పులు. పాత చేతిరాతలో పెద్ద ఎల్, ఎస్, టి ఒకదానికొకటి పోలి ఉంటాయి, ఎన్ కి యు కి తేడా తెలియదు, రెండు ఎస్‌లలో మొదటిది పొడుగ్గా ఎఫ్‌లా ఉంటుంది. ఈ రెండు రకాల తప్పులకూ వేర్వేరు జాబితాలు రాసుకుని, నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం గుర్తులతో ఒక్కొక్కటే పెట్టి వెతకండి. మొదటి అక్షరం ఖాయమని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు.

మొదటి పేర్లలో కూడా ఉచ్చులున్నాయి. మేరీని పాలీ అంటారు, ఆన్‌ను నాన్సీ అంటారు, మార్గరెట్ పెగ్గీ అవుతుంది, జాన్ జాక్ అవుతాడు. విలియం, జేమ్స్, చార్లెస్ లాంటివి కుదించి రాస్తారు, టైప్ చేసినవాళ్లు ఆ కుదింపునే పేరనుకుంటారు.

అయినా దొరకలేదా? ఇంటిపేరు గడి పూర్తిగా ఖాళీ చేయండి. మొదటి పేరు, పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ మూడేళ్లు, పుట్టిన ఊరు, ఉన్న కౌంటీ, ఇవి చాలు. పెద్ద కుటుంబమైతే ఇంకా మంచి దారి, ఇంట్లో అన్నిటికన్నా అరుదైన పేరున్న బిడ్డను వెతకడం. విలియంలు లక్షల్లో ఉంటారు, కెజయా పేరున్న ఆరేళ్ల పిల్లలు వాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. ఆమె దొరికితే తండ్రి అదే పేజీలో ఉంటాడు. యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్, ఫ్యామిలీసెర్చ్, ఫ్రీసెన్ ఒకే పేజీని ఒకేలా చదివి ఉండవు, కాబట్టి ఒక సైట్లో లేడని మరోచోట వెతకడం మానొద్దు.

మన హార్వుడ్ 1851లో ఇలాగే దొరికాడు. ఇంటిపేరు లేకుండా, స్వాఫమ్‌లో పుట్టినవాళ్లలో, చెప్పులు కుట్టే పని చేసేవాళ్లను లాంబెత్‌లో వెతికితే ఒక్కడే తేలాడు: "ఆరడ్", పెళ్లి కాలేదు, 24 ఏళ్లు, ఒక వితంతువు ఇంట్లో లాడ్జర్, అంటే గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఇంటావిడ చెప్పింది, ఎన్యూమరేటర్ విన్నాడు. సంతకం చేయడం రాని మనిషి కనుక ఆ రాత తప్పని చెప్పడానికి ఆయన దగ్గర ఏ దారీ లేదు.

ఐదో అడుగు: ఇంట్లో లేకపోతే ఎక్కడ ఉండొచ్చు?

జనాభా లెక్క అడిగేది ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారని. ఓడలో, బారక్స్‌లో, ఆసుపత్రిలో, జైల్లో, వర్క్‌హౌస్ అనే పేదల ఆశ్రమంలో, పెద్దింట్లో నౌకరీలో ఉండొచ్చు. జైళ్లలో, మానసిక చికిత్సాలయాల్లో కొన్నిసార్లు పూర్తి పేర్లు రాయకుండా పొడి అక్షరాలే రాశారు. అప్పుడు వయసు, వృత్తి, పుట్టిన ఊరు మూడూ కలిపి చూడటమే మార్గం. కావాలని తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. 1911లో ఓటు హక్కు కోసం పోరాడిన మహిళలు చాలామంది లెక్కలను బహిష్కరించారు. వాళ్లలో ఒకరైన ఎమిలీ డేవిసన్ ఆ రాత్రి పార్లమెంటు భవనంలోని చాపెల్‌లో (చిన్న ప్రార్థనా మందిరంలో) ఒక అల్మరాలో దాక్కుంది.

ఇక పోయిన పేజీలు. 1851లో మాంచెస్టర్ పరిసరాల పుస్తకాలు నీటికి తడిసి పాడయ్యాయి. 1841, 1861 లెక్కల్లో లండన్‌లోని కొన్ని ప్రాంతాలవి లేవు. మీరు వెతికే వీధి అసలు మిగిలిందో లేదో తెలుసుకోవడానికి, పక్క వీధిలో ఖాయంగా ఉన్న ఒకరిని తెరిచి, ముందుకూ వెనక్కూ పేజీలు తిప్పుతూ వెళ్లండి. ఫోలియో నంబర్ల (పుస్తకంలో ఒక్కో ఆకుకు వేసిన నంబర్ల) వరుస తెగిందంటే అక్కడ లోటుందని అర్థం. ఈ పుస్తకాలు భద్రపరిచిన ప్రభుత్వ రికార్డుల భాండాగారం నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల నంబర్లు కూడా రాసుకోండి. 1841, 1851కి హెచ్.ఓ. 107, 1861కి ఆర్.జి. 9, అక్కడి నుంచి పదేళ్లకొక అంకె చొప్పున పెరుగుతూ 1921కి ఆర్.జి. 15. పేరు తప్పుగా ఎక్కినా ఈ నంబరుతో పేజీ మళ్లీ దొరుకుతుంది.

పుట్టింది ఐర్లండ్ అని ఉంటే దారి వేరు. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవనం విధ్వంసంలో అక్కడి పాత రికార్డులు చాలావరకు పోయాయి. 1901, 1911 లెక్కలు మాత్రం పూర్తిగా మిగిలి, ఉచితంగా చూడొచ్చు. స్కాట్లండ్‌ది మరో పద్ధతి, అక్కడ ప్రభుత్వ నమోదు 1855లో మొదలైంది.

ఆరో అడుగు: మనిషిని వదిలి చుట్టూ ఉన్నవాళ్లను పట్టుకోండి

1841లో హార్వుడ్ పేరుతో 14 ఏళ్ల కుర్రాడు స్వాఫమ్‌లో లేడు. ఎన్ని స్పెల్లింగులు మార్చినా లేడు. ఇప్పుడు ఎర్ర సిరాతో రాసుకున్న కింగ్ దగ్గరికి వెళ్దాం.

1851లో స్వాఫమ్‌లో ఒక కింగ్ ఇల్లుంది. పెద్ద కింగ్, భార్య, ఇద్దరు చిన్న కూతుళ్లు కింగ్ పేరుతోనే. వాళ్ల కింద ఇంకో పేరు: ఇంటిపేరు హార్వుడ్, పెళ్లి కాలేదు, వయసు 16, ఇంటి పెద్దతో సంబంధం "సన్ ఇన్ లా".

ఇక్కడ ఆగాలి. మనకు సన్ ఇన్ లా అంటే అల్లుడు. పెళ్లి కాని పదహారేళ్ల అల్లుడు ఉండడు కదా! ఆ కాలంలో ఆ మాటను సవతి కొడుక్కి కూడా వాడేవారు, అంటే భార్య ముందటి పెళ్లి వల్ల కలిగిన కొడుకు. డాటర్ ఇన్ లా, మదర్ ఇన్ లా కూడా అంతే. ఈ ఒక్క మాటతో కథ విచ్చుకుంటుంది: హార్వుడ్ అనే ఆయన చనిపోయాడు, భార్య కింగ్‌ను మళ్లీ పెళ్లి చేసుకుంది.

ఇప్పుడు 1841లో కింగ్ ఇంటిని తెరిస్తే పిల్లలందరి ఇంటిపేరు గడిలో వరుసగా "పైదే" గుర్తులు. 14 ఏళ్ల కుర్రాడు, 6 ఏళ్ల తమ్ముడు, ఏడాది పాప, అందరూ కింగ్‌లే. ఎన్యూమరేటర్ ఒక్కొక్కర్నీ అడగలేదు. 6కీ 1కీ మధ్య ఉన్న ఎడం కూడా ఒక సాక్ష్యమే: ఒక తండ్రి పోయి మరో తండ్రి వచ్చిన ఎడం అది. తల్లి రెండో పెళ్లి 1838లో జరిగింది కాబట్టి సర్టిఫికెట్ ఉంటుంది. అందులో ఆమెను వితంతువు అని రాస్తారు, ఆమె తండ్రి పేరు కూడా ఉంటుంది. ఒక మనిషి కోసం వెళితే ఇంకో తరం కలిసొచ్చింది.

ఏడో అడుగు: పారిష్ రిజిస్టర్లలోకి

పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాసి పెట్టాలని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చాడు. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్‌కు పంపమన్నారు, వాటిని బిషప్స్ ట్రాన్‌స్క్రిప్ట్స్ అంటారు. అసలు రిజిస్టర్ ఎలుకలు కొట్టేసినా, చెమ్మకు పోయినా ఈ నకలు మిగిలి ఉండొచ్చు. రెండూ ఉంటే రెండూ చూడండి, నకలు రాసేటప్పుడు ఒక వివరం చేర్చిన వాళ్లున్నారు, ఒక లైను వదిలేసిన వాళ్లూ ఉన్నారు. అసలు రిజిస్టర్లు ఎక్కువగా కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. ఆన్‌లైన్ సూచికలో లేనంత మాత్రాన రిజిస్టర్‌లో లేనట్టు కాదు. ఆ పారిష్, ఆ సంవత్సరాలు సైట్‌లో చేరాయో లేదో ముందు చూడాలి.

కాలాన్ని బట్టి రిజిస్టర్ మారుతుంది. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్తిస్మంలో తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, భూస్థాపనలో వయసు ఉంటాయి. 1754 మార్చి 25 నుంచి క్వేకర్లు (వేరే క్రైస్తవ శాఖవాళ్లు), యూదులు తప్ప అందరూ ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలన్న చట్టం వచ్చింది. సంతకాలు, సాక్షులు అప్పటి నుంచే. పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు వధూవరులిద్దరి పారిష్‌లలోనూ చదవాలి కాబట్టి, వరుడిది వేరే ఊరైతే ఆ ఊరి పేరు ప్రకటనల పుస్తకంలో దొరుకుతుంది. 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1727 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1728. ఇది తెలియక, పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని అపార్థం చేసుకున్న కుటుంబ చరిత్రలు ఉన్నాయి. 1733కి ముందు లాటిన్ ఉండొచ్చు, అక్కడ జకోబస్ అంటే జేకబ్ అనుకోకండి, మామూలుగా జేమ్స్. 1642 నుంచి 1660 దాకా అంతర్యుద్ధం, ఆ తర్వాతి పాలన వల్ల చాలాచోట్ల ఖాళీలే.

ఊరు తెలిసినా ఆ చర్చిలో బాప్తిస్మం లేకపోతే మ్యాప్ తెరవండి. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే) మ్యాపులు కూడా ఉచితంగా ఉన్నాయి. నడిచి వెళ్లగల దూరంలో ఉన్న చర్చిలన్నీ గుర్తించుకుని ఒక్కొక్కటీ చూడండి. తొలి బిడ్డ బాప్తిస్మం తల్లి పుట్టింటి పారిష్‌లో జరగడం తరచూ కనిపిస్తుంది. పుట్టిన వెంటనే చేయించకపోయి ఉండొచ్చు కూడా, నలుగురు పిల్లలకు ఒకేరోజు కలిపి చేయించిన ఇళ్లున్నాయి. కాబట్టి పుట్టుక తర్వాత పదేళ్ల దాకా చూడండి.

ఆంగ్లికన్లు కానివాళ్లయితే వాళ్ల చాపెళ్ల రిజిస్టర్లలో చాలా భాగం 1837 తర్వాత ప్రభుత్వానికి అప్పజెప్పారు, అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్.జి. 4లో, క్వేకర్లవి ఆర్.జి. 6లో ఉన్నాయి. బీదవాళ్ల కోసం మాత్రం పారిష్ పెట్టెను, అంటే పారిష్ తన కాగితాలు దాచుకున్న పెట్టెను, మరిచిపోవద్దు. 1662 చట్టం ప్రకారం సాయం అడిగినవాడు ఏ పారిష్‌కు చెందినవాడో విచారించేవారు. ఆ విచారణ కాగితంలో ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర పనిచేశాడు, ఎప్పుడు పెళ్లయింది అన్నీ ఆయన చెప్పిన మాటగా ఉంటాయి. పెళ్లి కాని తల్లి బిడ్డకు తండ్రి ఎవరో బాప్తిస్మంలో లేకపోయినా, పోషణ ఖర్చు కోసం పారిష్ రాయించుకున్న పత్రంలో ఉండొచ్చు. ధనవంతుల గురించి వీలునామాలు చెప్తాయి, ఏమీ లేనివాళ్ల గొంతు వినిపించేది ఈ కాగితాల్లోనే. అందుకే నాకు వాటి మీద అంత ప్రేమ.

ఎనిమిదో అడుగు: దొరికినవాడు మనవాడేనా?

స్వాఫమ్ రిజిస్టర్‌లో అదే పేరుతో, అదే తల్లిదండ్రులకు రెండు బాప్తిస్మాలు: ఒకటి 1824, ఒకటి 1827 ఫిబ్రవరి. ఏది మనది? ఇక్కడ తొందరపడి ఒకటి ఎంచుకుంటే ఆపై కట్టే చెట్టంతా తప్పుతుంది. భూస్థాపనల రిజిస్టర్ తెరవండి. బిడ్డ పోతే అదే పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం ఆ రోజుల్లో మామూలు. 1825లో అదే పేరుతో ఒక పసివాడి భూస్థాపన కనిపించింది. కాబట్టి బతికినవాడు 1827లో పుట్టినవాడు.

బాప్తిస్మం దొరికిన ప్రతిసారీ ఈ పని చేయండి: ఆ బిడ్డ పసితనంలో పోలేదని, ఆ పేరుతో పెద్దయిన ఇంకొకడు పక్క ఊళ్లో వేరే జీవితం గడపలేదని చూసుకోవాలి. రెండో ముక్కకు అవతలి వ్యక్తిని సెన్సస్‌లలో ముందుకు నడిపించాలి. ఆయన 1861లో అదే కౌంటీలో వ్యవసాయం చేస్తూ కనిపిస్తే, లాంబెత్‌లో చెప్పులు కుట్టేవాడు ఆయన కాడు.

ఆ తర్వాత ఒక పేజీ రాయండి. ఏ ఏ రికార్డులు ఏం చెప్తున్నాయి, ఎక్కడ కలవడం లేదు, కలవకపోవడానికి మీకు తోచిన కారణం ఏమిటి. మన హార్వుడ్‌కు ఆ పేజీలో ఇవి ఉంటాయి: 1852 పెళ్లిలో చెప్పిన తండ్రి పేరు, కూలీ వృత్తి 1827 బాప్తిస్మంతో కలిశాయి. సాక్షి కింగ్ తల్లి రెండో కాపురం వైపు నుంచి వచ్చినవాడు. 1841లో 14 ఏళ్లు, 1851లో 24, 1861లో 34 సరిపోయాయి. 1871లో ఒక ఏడు తక్కువ, 1881లో ఒక ఏడు ఎక్కువ. 1871లోని నార్విచ్ ఒక్కటే విడిగా నిలిచింది, దాన్ని దాచకుండా అలాగే రాసిపెట్టాలి.

అదే రిజిస్టర్‌లో 1835 వసంతంలో తండ్రి భూస్థాపన ఉంది. 1813 తర్వాతి ఫారం కాబట్టి వయసు రాశారు: 38. చిన్నకొడుకు అప్పటికి నెలల పిల్లవాడు. కాగితం మీద ఇప్పుడు ఇంకో వరుస గీయాలి: తండ్రి, కూలీ, పుట్టింది 1796, 1797 ప్రాంతంలో, ఊరు ఇంకా తెలియదు. చివరి గడిలో, ఆ వయసు చెప్పింది అప్పుడే భర్తను పోగొట్టుకున్న ఆ ఇల్లాలే అయి ఉంటుంది.